కరెంటు బిల్లు పట్టుకుని మన అభివృద్ధి లెక్క తేల్చుకోవడం ఎలా

మా నాన్నగారు కట్టిన కరెంటు బిల్లు ఒక్కటీ పారేసేవారు కాదు. వైజాగ్ మురళీనగర్‌లోని ఇంట్లో వంటగది తలుపు వెనక కొస వంచిన ఇనప తీగ ఒకటి వేలాడుతుండేది, కట్టిన రోజే దానికి గుచ్చేసేవారు. మొన్న సంక్రాంతికి బూజు దులుపుతుంటే ఆ కట్ట దొరికింది. మెషీన్లో కొట్టే బిల్లులు కదా, అక్షరాలు వెలిసిపోయి సగం తెల్ల కాగితాలే మిగిలాయి. కానీ ప్రతిదాని వెనకా పెన్సిల్‌తో యూనిట్లు రాసిపెట్టారు. 2010లో నెలకి సగటున 110. ఇప్పుడు అదే ఇంట్లో నాకు 240 వస్తోంది. అప్పుడూ నలుగురమే, ఇప్పుడూ నలుగురమే.

దేశం ఎదుగుతోంది, కరెంటు వాడకం పెరుగుతోంది, మరి గాలీ నీరూ ఏమైపోతున్నాయి అని టీవీల్లో గంటల తరబడి కొట్టుకుంటారే, ఆ గొడవంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. ఎవరి ఇంటి లెక్క వాళ్లు తేల్చుకోవచ్చు. ఏడాది బిల్లులు, ఫోన్లో క్యాలిక్యులేటర్, ఒక గంట తీరిక ఉంటే చాలు. ఎలాగో చెప్తాను, మధ్యలో నేను చేసిన తప్పుతో సహా.

ముందు రూపాయలు పక్కన పెట్టండి

అందరం చేసే పొరపాటు ఇదే, బిల్లు ఎంతొచ్చిందని రూపాయల్లో చూస్తాం. రూపాయల్లో స్లాబులుంటాయి, ఫిక్స్‌డ్ చార్జీ ఉంటుంది, ట్రూఅప్ చార్జీ అని పాత బాకీ ఏదో ఉంటుంది, వాటిని బట్టి వాడకం అర్థం కాదు. యూనిట్లు మాత్రమే రాసుకోండి, పన్నెండు నెలలవీ. బిల్లులు లేకపోతే మా వైపు కరెంటు పంపిణీ చేసే ఈపీడీసీఎల్ సంస్థ వెబ్‌సైట్లో సర్వీస్ నంబర్ కొడితే పాత నెలల వాడకం కనిపిస్తుంది. ఒక్క నెల చూసి లెక్క వెయ్యొద్దు, వైజాగ్‌లో మే నెలకీ డిసెంబరుకీ పోలికే లేదు, మా ఇంట్లో మేలో 310 దాటితే డిసెంబరులో 180 కూడా ఉండదు.

ఇప్పుడు దాన్ని కార్బన్ డై ఆక్సైడ్‌లోకి మార్చాలి. ఇక్కడి నుంచి దాన్ని పొగ అనే అంటాను, చదవడానికి తేలిక. మన దేశంలో గ్రిడ్ కరెంటు, అంటే లైన్లోంచి ఇంటికొచ్చే కరెంటు, యూనిట్‌కి సుమారు 0.7 కిలోల పొగ. 2010 ప్రాంతంలో 0.8 దగ్గర ఉండేది, సోలార్, గాలి మరలు పెరిగాక కొంచెం తగ్గింది. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌కి 42 కిలోల దాకా. లీటరు పెట్రోలుకి 2.3 కిలోలు.

మా ఇల్లు: ఏడాదికి 2,880 యూనిట్లు, అంటే 2,016 కిలోలు. సిలిండర్లు ఎనిమిది, 336. స్కూటరుకీ కారుకీ కలిపి నెలకి 20 లీటర్లు, ఏడాదికి 552. మొత్తం 2,904 కిలోలు, అంటే మూడు టన్నులకి కాస్త తక్కువ. నలుగురికీ పంచితే తలకి ముప్పావు టన్ను కూడా లేదు. దేశ సగటు మనిషికి 2 టన్నుల దగ్గర ఉంటుంది, మనం చాలా మేలే అనిపించింది. ఆ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకో కిందికొచ్చాక చెప్తాను.

బొగ్గు సంగతి కూడా చూడండి. మన దేశంలో తయారయ్యే కరెంటులో నాలుగింట మూడొంతులు దాదాపుగా బొగ్గుదే. యూనిట్‌కి ముప్పాతిక కిలోకి కాస్త తక్కువ బొగ్గు పడుతుంది, మన దేశపు బొగ్గులో మూడో వంతు పైగా బూడిదే. ఈ లెక్కన నా 240 యూనిట్లకి నెలకి నలభై కిలోల పైచిలుకు బూడిద, అంటే దాదాపు ఒక సిమెంటు బస్తా, బొగ్గు కరెంటు కేంద్రం ఉన్న పరవాడ లాంటి ఊళ్ల పక్కన నా పేరు మీద పడుతోంది. అందులో కొంత ఇటుకలకీ సిమెంటుకీ పోతుందనుకోండి. అయినా ప్రతి నెలా మన గుమ్మం ముందు ఒక బస్తా దించి వెళ్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. బిల్లు మీద ఆ లైను ప్రింట్ చెయ్యాలి అసలు.

ఇప్పుడు యూనిట్ల పక్కన ఆదాయం రాయండి (నేను తప్పు చేసింది ఇక్కడే)

అభివృద్ధికీ కరెంటుకీ ఉన్న ముడి వీడుతోందా లేదా అన్నది తెలియాలంటే, సంపాదించిన ప్రతి వెయ్యి రూపాయలకి ఎన్ని యూనిట్లు వాడామో చూడాలి. దేశాల లెక్క కూడా ఇలాగే వేస్తారు, జీడీపీలో రూపాయికి ఎంత పొగ అని.

2010లో మా ఇంటి ఆదాయం నెలకి 25,000, యూనిట్లు 110. వెయ్యికి 4.4 యూనిట్లు. ఇప్పుడు 80,000, యూనిట్లు 240. వెయ్యికి 3. అబ్బో, ముప్పై శాతం తగ్గించేశాం అని మా ఆవిడకి గొప్పగా చూపించాను. తను బ్యాంకులో పని చేస్తుంది, ఒక్క చూపు చూసి, 2010లో కిలో కందిపప్పు ఎంత, ఇప్పుడెంత అంది. అంతే. అప్పటి నుంచి ఇప్పటికి ధరలు రెట్టింపు దాటాయి, ఆ సంగతే నేను లెక్కలోకి తీసుకోలేదు. 80,000ని 2.2తో భాగిస్తే 2010 రూపాయల్లో 36,000 మాత్రమే. అంటే వెయ్యికి 6.7 యూనిట్లు. తగ్గడం మాట అటుంచి, సగానికి సగం పెరిగింది.

కాబట్టి మీరు వేసేటప్పుడు ఇప్పటి జీతాన్ని పాత ధరల్లోకి మార్చాకే భాగించండి. ఎవరైనా కంపెనీ రిపోర్టులో మా టర్నోవర్‌తో పోలిస్తే పొగ తగ్గింది అని రాస్తే ఈ కందిపప్పు ప్రశ్నే అడగండి. దేశం లెక్కల్లో ఆ జాగ్రత్త తీసుకుంటారు లెండి, ధరల పెరుగుదల తీసేసిన జీడీపీతోనే వేస్తారు. అలా వేసినా 2005 నుంచి 2019 లోపు మన దేశంలో రూపాయికి పొగ (ఇక్కడ భూమిని వేడెక్కించే వాయువులన్నీ కలిపి) 33 శాతం తగ్గింది. నిజంగా మంచి విషయమే. కానీ అదే కాలంలో దేశం మొత్తం వదిలిన పొగ బాగా పెరిగింది. రెండూ నిజాలే. మొదటిది మంత్రులు చెప్తారు, రెండోది ఉద్యమాల వాళ్లు చెప్తారు, ఆకాశానికి తెలిసేది మాత్రం రెండోదే.

ఈ చిక్కు విడదీసి చూడ్డానికి జపాన్‌కి చెందిన యోయిచి కాయా అనే ఆయన తేలికైన గుణకారం ఒకటి చెప్పాడు. మనుషులు ఎందరు, మనిషికి ఆదాయం ఎంత, ఆదాయంలో రూపాయికి కరెంటూ ఇంధనం ఎంత, ఆ ఇంధనంలో యూనిట్‌కి పొగ ఎంత, ఈ నాలుగూ గుణిస్తే మొత్తం పొగ వచ్చేస్తుంది. మా ఇంట్లో మొదటిది మారలేదు. రెండోది పెరిగింది, పెరగాలి కూడా. మూడోది పెరిగింది, అది నా తప్పు. నాలుగోది 0.8 నుంచి 0.7కి తగ్గింది, అందులో నా గొప్పేమీ లేదు. మన చేతిలో ఉన్నవి చివరి రెండే.

వెనక్కి 110కి పోదాం అనే మాట నాకు నచ్చదు. 2010లో మే నెల రాత్రుళ్లు అమ్మ తడి దుప్పటి కప్పుకుని డాబా మీద పడుకునేది. వైజాగ్ ఉక్కపోత తెలిసినవాళ్లెవరూ దాన్ని పర్యావరణ హితం అనరు.

గోడల్లో దాక్కున్న పొగ

తలకి ముప్పావు టన్నే అని మురిసిపోయాను కదా. బిల్లులో కనిపించేది సగం కూడా కాదు. మేస్త్రీల ఉజ్జాయింపు లెక్క ఒకటుంది, చదరపు అడుక్కి 4 కిలోల ఇనుము, 0.4 బస్తా సిమెంటు. మధురవాడలో 1,000 అడుగుల ఫ్లాట్ కొంటే 4 టన్నుల ఇనుము, 400 బస్తాలు, అంటే 20 టన్నుల సిమెంటు. మన దేశంలో టన్ను ఉక్కుకి సుమారు రెండున్నర టన్నుల పొగ, టన్ను సిమెంటుకి 0.6 టన్నులు. మొత్తం 22 టన్నులు. మా ఇల్లు ఏడున్నర ఏళ్లు వదిలే పొగంతా ఫ్లాట్ తాళాలు చేతికి రాకముందే వదిలేసినట్టు. ఫ్యాన్లు మార్చడం గురించి కిందంతా రాశాను గానీ, నిజానికి అక్కర్లేని రెండో ఫ్లాట్ కొనకపోవడం వాటన్నిటికంటే పెద్ద పని. ఈ మాట మా బావమరిదితో అన్నాను, నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు.

తగ్గించడం: ఏది ముందు, ఏది అనవసరం

ఏసీ. మిగతావన్నీ దీని తర్వాతే. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది, అది 1,600 గంటల లెక్క, స్టార్ల కంటే ఆ అంకె చూడండి. పాత ఏసీ గంటకి ఒకటిన్నర యూనిట్ తాగేస్తే కొత్త ఐదు స్టార్లది సగటున అర యూనిట్ చుట్టూ తిరుగుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 మీదే మొదలవుతాయి. డిగ్రీ పెంచితే 6 శాతం ఆదా అని ప్రభుత్వ సంస్థ బీఈఈ చెప్తుంది. మా ఇంట్లో 26, పైన ఫ్యాను రెండో నంబరు. వైజాగ్ వాళ్లకి ఇంకొకటుంది, అది ఏ కంపెనీ పుస్తకంలోనూ పెద్దగా రాయరు. సముద్రపు గాలికి అవుట్‌డోర్ యూనిట్ రేకుల మీద ఉప్పు పేరుకుంటుంది. వేలు పెట్టి నాలుకకి రాసుకుంటే తెలుస్తుంది, నేను రాసుకుని చూశాను, ఉప్పే. అది పేరుకుంటే వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, రెండేళ్లలో కాయిల్ తుప్పు పట్టి గ్యాస్ కారిపోతుంది. రెండు నెలలకోసారి స్విచ్ ఆపి, మెయిన్ కూడా ఆపి, మామూలు మంచినీళ్లు గొట్టంతో మెల్లగా కొట్టండి. ప్రెషర్ వాష్ వద్దు, రేకులు వంగిపోతాయి.

ఫ్యాన్లు. పాతది 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకి పదిహేను గంటలు తిరిగే ఫ్యానుకి నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. హాల్లోదీ పడగ్గదిలోదీ మారిస్తే చాలు, పూజగది పక్క గదిలోది మార్చడం దండగ.

ఇండక్షన్ స్టవ్ విషయంలో చాలామంది తొందరపడతారు. సిలిండర్ చేసే పని ఇండక్షన్‌తో చెయ్యాలంటే 130 యూనిట్ల దాకా అవుతుంది. గ్రిడ్ కరెంటు అయితే 90 కిలోల పొగ. సిలిండర్‌ది 42. మేడ మీద సోలార్ లేకుండా పర్యావరణం కోసమని స్టవ్ మార్చితే పొగ మన వంటింట్లోంచి పరవాడకి పోయి రెట్టింపవుతుంది, అంతే. స్కూటర్ సంగతి దీనికి ఉల్టా. పెట్రోలు స్కూటర్ కిలోమీటరుకి 50 గ్రాములు వదిలితే బ్యాటరీది బొగ్గు కరెంటుతో చార్జ్ చేసినా 20 గ్రాములే, ఎందుకంటే పెట్రోలు ఇంజన్ చాలా భాగం వేడి రూపంలోనే తగలేస్తుంది. హనుమంతవాక లాంటి ఎత్తుపల్లాల రోడ్డు దిగి ఎక్కేవాళ్లకైతే ఇంకా లాభం.

డబ్బుల్లో ఎంత కలిసొస్తుందో ఇప్పుడు చూద్దాం. 2022 నాటి ఆంధ్రప్రదేశ్ స్లాబుల్లో 225 దాటిన యూనిట్‌కి 8.75 రూపాయలు. 300 యూనిట్లకి కరెంటు చార్జీ 1,673, 225కి 1,017. వాడకం నాలుగో వంతు తగ్గితే బిల్లు దాదాపు నలభై శాతం తగ్గుతుంది. మీ బిల్లు మీద ఇప్పటి రేట్లు చూసి సరిచూసుకోండి.

మిగిలిన డబ్బు ఎటు పోతోందో కనిపెట్టండి

ఇది ఎవరూ చెయ్యని పని. 1865లోనే జెవన్స్ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త ఒక వింత గమనించాడు. ఆవిరి ఇంజన్లు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది, చవగ్గా నడుస్తుంటే ఇంకో నాలుగు చోట్ల పెట్టుకున్నారు కాబట్టి. ఎల్‌ఈడీ బల్బులూ అంతే. 2014లో 310 రూపాయలకి ప్రభుత్వం కొన్న బల్బు రెండేళ్లకే 40 లోపుకి వచ్చింది. మా వీధిలో ఇప్పుడు బాల్కనీలకి వేలాడే దీపాల తోరణాలు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి, ఎంతవుతుందిలే అని.

మా ఇంట్లో కథ ఇంకా బావుంది. ఐదు స్టార్ల ఏసీ పెట్టిన వేసవిలో బిల్లు తగ్గింది. ఆ తగ్గిన ఊపులో మరుసటి ఏడు అమ్మ గదిలో కూడా ఒకటి బిగించాం. నేను ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి చూపిస్తే అమ్మ, "ఏటిరా ఈ లెక్కలు, నీ గదిలో ఏసీ ఆపి ఇలా వచ్చి పడుకో, ఒకటే సరిపోతాది" అంది. మే నెలలో అందరం ఒకే గదిలో పడుకుంటే 70 యూనిట్లు తగ్గాయి. ఏ యాపూ ఇంత ముక్కుసూటి సలహా ఇవ్వలేదు.

ఆదా చేసిన యూనిట్లు ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి, ఆర్నెల్ల తర్వాత ఇంట్లోకి కొత్తగా ఏ మెషీన్ వచ్చిందో దాని పక్కన రాయండి.

ఇదే కొలతతో ఊరిని చూడటం

ఇల్లు అయ్యాక ఊరి వార్తలు చదవడం మారిపోతుంది. ఎంత పెద్ద అంకె చెప్పినా రోజుకి ఎన్ని యూనిట్లు అని మార్చుకోండి. సింహాద్రి థర్మల్ కేంద్రం 2,000 మెగావాట్లు, పూర్తిగా నడిస్తే రోజుకి 4.8 కోట్ల యూనిట్లు. దాని రిజర్వాయర్ మీదే 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు, ఫొటోల్లో చాలా బావుంటుంది. రోజుకి సుమారు లక్ష యూనిట్లు. అంటే దాదాపు 480వ వంతు. చిన్నచూపు చూడమని కాదు, ఫొటో సైజుని చూసి మోసపోవద్దని.

2025 అక్టోబరులో గూగుల్ వైజాగ్‌లో 15 బిలియన్ డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించింది. ఒక గిగావాట్, అంటే 1,000 మెగావాట్లు, ఆగకుండా వాడితే రోజుకి 2.4 కోట్ల యూనిట్లు. నా లాంటి ఇళ్లు, రోజుకి 8 యూనిట్లవి, 30 లక్షలు. పిల్లలకి ఉద్యోగాలొస్తాయా అని అందరూ అడుగుతున్నారు, అడగాల్సిందే. దానితో పాటు ఇంకొకటి అడగాలి. గ్రీన్ కరెంటే వాడతాం అని ఏ పెద్ద కంపెనీ అన్నా, ఆ లెక్క ఏడాది మొత్తానికా, గంటగంటకా? ఏడాదికి సరిపడా సోలార్ కొన్నా రాత్రి తొమ్మిదికి సూర్యుడుండడు, సర్వర్లు ఆగవు, ఆ గంటకి స్టోరేజీ లేకపోతే నడిచేది బొగ్గే. నీళ్లెక్కడివో కూడా అడగండి. మన కుళాయిలోకి వచ్చే గోదావరి నీళ్లే ఏలేరు కాలువ మీదుగా 150 కిలోమీటర్ల దగ్గర ప్రయాణం చేసి వస్తున్నాయి.

ఎవరి పొగ ఎవరి ఖాతాలో వేస్తున్నారో, ఆ గీత ఎక్కడ గీశారో కూడా చూడాలి. గాజువాక పక్కనున్న వైజాగ్ స్టీల్‌ప్లాంట్ సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. ఆ ఉక్కుతో హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ కడితే పొగ గాజువాక ఖాతాలోనా, హైదరాబాద్ ఖాతాలోనా? ఊరి లెక్కలో ఇక్కడిదే అంటారు. ధనిక దేశాలు తమ పొగ తగ్గిందని చెప్పేటప్పుడు కూడా కొంత భాగం ఇలాంటిదే, ఫ్యాక్టరీ వేరే దేశానికి పోయింది, సరుకు మాత్రం ఇంటికొచ్చింది.

దేశం ముందు మురికవుతుంది, డబ్బొచ్చాక అదే శుభ్రపడుతుంది అనే వాదన ఒకటుంది, కుజ్‌నెట్స్ వక్రరేఖ అంటారు. కంటికి కనిపించే దుమ్ము, గంధకం పొగల విషయంలో చాలాచోట్ల కొంతవరకు నిజమైంది. వన్‌టౌన్‌లో మా పిన్ని డాబా మీద ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి నల్లబడితే రోడ్డెక్కి అడుగుతుంది, నాయకుడు రావాల్సిందే. కార్బన్ డై ఆక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు, చీర నల్లబడదు. అందుకే డబ్బొచ్చినంత మాత్రాన అది తనంతట తగ్గిపోతుందన్న నమ్మకం నాకు లేదు.

సోలార్, అసోసియేషన్ మీటింగు

సొంత డాబా ఉంటే పని తేలిక. కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల నీడలేని చోటు, రోజుకి సగటున 4 యూనిట్లు. 2 కిలోవాట్లు పెడితే నెలకి 240, నా వాడకం మొత్తం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30,000, మూడు లేదా అంతకంటే ఎక్కువైతే మొత్తం 78,000 సబ్సిడీ. పెట్టేవాణ్ణి రెండు విషయాలు గుచ్చి గుచ్చి అడగండి. ఒకటి, ఫ్రేములు, బోల్టులు ఉప్పు గాలికి తట్టుకునేవా. రెండు, హుద్‌హుద్ తుపాను లాంటిది మళ్లీ వస్తే నిలుస్తుందా. 2014 అక్టోబరు 12న ఈ ఊళ్లో గాలి 180 కిలోమీటర్లు దాటింది, ఎత్తుగా నీడకోసమని లేపిన స్టాండ్లు ముందు ఎగురుతాయి. ఇంకో మాట, మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ అయితే, అంటే కరెంటు లైనుకి కలిపేది, లైన్లో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. చాలామంది పెట్టించాక తెలుసుకుని తిట్టుకుంటారు.

అపార్ట్‌మెంట్ అయితే ముందు కామన్ మీటర్‌తో మొదలుపెట్టండి. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు, వీటి బిల్లు మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది కాబట్టి ఎవరికీ నొప్పి తెలీదు. అసోసియేషన్లకి కిలోవాట్‌కి 18,000 సబ్సిడీ ఉంది. మా చెల్లెలి వాళ్ల అపార్ట్‌మెంట్లో ఈ కాగితాలన్నీ పట్టుకుని మీటింగులో కూర్చున్నాను. సెక్రటరీగారు రెండు గంటలు రేట్ల గురించి వాదిస్తారనుకుంటే పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. అసలు అడ్డం వచ్చింది ఐదో అంతస్తు ఆంటీ. డాబా అంతా పలకలు పరిచేస్తే వేసవిలో వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి అని. న్యాయమైన ప్రశ్నే. టేపు పట్టుకుని మళ్లీ కొలిచాం, ట్యాంకు పక్కన తూర్పు మూల పది అడుగుల వెడల్పున వదిలేసి, ఒక వరస పలకలు తగ్గించి 5 కిలోవాట్లకి అప్లికేషన్ పెట్టాం.